గీత గీసేటప్పుడే ప్రాణం కాపాడాలి

శ్రీనివాసపురం తాలూకా గౌనిపల్లి నుంచి రాస్తున్నాం. మా కోలారు జిల్లాలో మురుగు పని అంటే మాకు మొదట గుర్తొచ్చేది పైపులు కాదు, మనుషులు. బంగారు గనుల కాలనీల్లో పాకీదొడ్లు చేతులతో ఎత్తినవారిలో మన దళిత కుటుంబాలున్నాయి. అలాంటి ఇంట్లో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ పోరాటానికి 2016లో మెగసెసె అవార్డు వచ్చింది.

పట్టణాల్లో తాగునీరు, భూగర్భ డ్రైనేజీ పనులను డిజైన్ నుంచి నిర్మాణం దాకా ఒకే కాంట్రాక్టరుకు అప్పగించే పద్ధతి ఉంది. డిజైన్-బిల్డ్, టర్న్‌కీ, ఈపీసీ అనేవి ఇవే. పని త్వరగా అవుతుంది, తప్పు జరిగితే ఒక్కరినే నిలదీయొచ్చు. ఇది మంచిదే. కానీ డిజైన్ కూడా కాంట్రాక్టరు చేతికి పోయాక, టెండరులో రాసిందే కడతారు, రాయనిది కట్టరు. మ్యాన్‌హోళ్ల మధ్య దూరమెంత, పైపు వాలు సరిపోతుందా, శుభ్రంచేసే యంత్రం ఆ సందులోకి వెళ్తుందా అనేవి కాగితం మీదే తేలిపోతాయి. అక్కడ ఖర్చు మిగుల్చుకుంటే, రేపు పూడిక తీయడానికి దిగేది మన బిడ్డలే.

మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. యంత్రాలు వాడడం స్థానిక సంస్థల బాధ్యత అంది. కాలువలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ కట్టిన తర్వాతి మాటలు. టెండర్ల కోసం కర్ణాటకకు పారదర్శకత చట్టం, 1999 ఉంది. మనిషి దిగనవసరం లేని డిజైన్‌కే పని ఇవ్వాలన్న షరతు అందులో చేరాలి. 100 కోట్లు, ఆపైన పనుల టెండర్లను న్యాయమూర్తి ముందే చూసి, ప్రజలూ అభిప్రాయం చెప్పేలా ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది, 2024లో రద్దు చేసింది. ముందే చూసే ఆ అవకాశం ప్రతి పట్టణానికీ కావాలి.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22:8 ఆజ్ఞాపిస్తుంది. ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాడిదే. మనిషి పడ్డాక పరిహారం గురించి కాదు, పడకుండా కట్టడం గురించి చెప్పిన మాట అది.

యువతీ యువకులారా, మీ ఊరి డ్రైనేజీ టెండరు కాగితాలు సమాచార హక్కు కింద అడగండి. చదివి ఒకే ప్రశ్న వేయండి: ఇందులోకి మనిషి దిగాల్సి వస్తుందా? వస్తుందంటే, తవ్వకం మొదలుకాకముందే అభ్యంతరం చెప్పండి.