కొట్టే మందు అంగట్లో ఉంది, విరుగుడు మందు ఎక్కడుంది?

పల్లెటూళ్ళో రెండింటినీ మందు అనే అంటాం. పత్తి చేనుకు కొట్టేదీ మందే, ఆసుపత్రిలో సూదితో ఎక్కించేదీ మందే. పేరు ఒకటే గాని రెంటికీ దొరికే మర్యాద ఒకటి కాదు. మొదటి మందు మండల కేంద్రంలో వీధికొక అంగట్లో దొరుకుతుంది. చేతిలో డబ్బు లేకపోతే పంట మీద అరువిస్తారు. అదే మందు కొడుతూ కూలీ చేలో పడిపోతే, అతన్ని బతికించే రెండో మందు కోసం ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి మోసుకుపోవలసిందే.

ఈ రెండు మందులూ మనిషి ఒంట్లో దాదాపు ఒకే చోట పనిచేస్తాయి. ఒకటి పీక నొక్కుతుంది, రెండోది ఆ పట్టు విడిపిస్తుంది. ఎట్లా అన్నది వ్యవసాయ కార్మికులు తెలుసుకోవాలి. తెలిసినవాడే గట్టిగా అడగగలడు.

చెయ్యి ఎత్తటం, అడుగు వేయటం మన ఇష్టం మీద జరిగే పనులు. కాని గుండె కొట్టుకోవటం, అన్నం అరగటం, చెమట పట్టటం, నోట్లో నీరూరటం మన ఇష్టాన్ని అడగవు. నిద్రలో కూడా నడుస్తూనే ఉంటాయి. వీటిని నడిపే నరాల ఏర్పాటును పుస్తకాల్లో స్వయంచోదిత నాడీమండలం అంటారు. ఇందులో రెండు భాగాలున్నాయి. భయం, శ్రమ కలిగినప్పుడు ఒకటి గుండె వేగం పెంచి ఒంటిని పరుగుకు సిద్ధం చేస్తుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు రెండోది గుండెను నెమ్మది చేసి, లాలాజలం ఊరించి, పేగులను కదిలిస్తుంది. బండికి ములుగర్రా, పగ్గమూ రెండూ కావలసినట్లే ఒంటికి ఈ రెండూ కావాలి.

నరం తన ఆజ్ఞను అవయవానికి ఎట్లా చేరుస్తుంది? చివర ఒక రసాయనాన్ని వదులుతుంది. ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు 1921లో కప్ప గుండెలతో దీన్ని రుజువు చేశాడు. ఒక గుండెను నెమ్మది చేసే నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవం తీసి ఇంకొక గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనం పేరు అసిటైల్‌కోలిన్. ఆజ్ఞ చేరగానే దాన్ని తుడిచేయటానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. కబురు చెప్పిన మనిషిని వెంటనే పంపించేస్తేనే గదా ఇంకో కబురు వచ్చేది!

మందులలో చాలా భాగం ఈ కబుర్ల మీదే పనిచేస్తాయి. ఉబ్బసానికి పీల్చే సాల్‌బుటమాల్ మొదటి భాగపు కబురును అనుకరించి ఊపిరి గొట్టాలు విప్పుతుంది. రక్తపోటుకు వాడే అటెనొలాల్ ఆ కబురు గుండెకు చేరకుండా తలుపు మూస్తుంది. కొలత తెలిసిన వైద్యుడి చేతిలో ఇది విద్య. కొలత లేకుండా కూలీ ఒంటి మీద పడితే హత్య.

లోవీకి 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అదే సంవత్సరం జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో పనిచేసే గెర్‌హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే రసాయనం తయారుచేశాడు. మనుషుల్ని కూడా చంపగలదని తేలగానే నాజీ సైన్యం దాన్ని యుద్ధవాయువుగా స్వీకరించింది. యూదుడైన లోవీని 1938లో నాజీలు జైల్లో పెట్టి, బహుమతి సొమ్ము లాక్కొని దేశం వెళ్ళగొట్టారు. నరాల రహస్యం కనిపెట్టినవాడికి జైలు, దాన్ని విషంగా మార్చిన కంపెనీకి లాభం!

ఆ కుటుంబానికి చెందినవే మన చేలలో ఇదివరకు కొట్టిన, ఇప్పుడు కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్ అన్నీ ఆ సంతానమే. ఇవి కోలినెస్టరేజ్‌ను కట్టిపడేస్తాయి. కబురు తుడిచేవాడు లేక అసిటైల్‌కోలిన్ పోగుపడిపోతుంది. పురుగు చచ్చేది అందుకే, మనిషి చచ్చేదీ అందుకే. ఇవి తాగితేనే ప్రమాదమనుకోవటం పొరపాటు. తడిసిన చొక్కా నుంచి, కారే పంపు కింద వీపు నుంచి, చేతులు కడుక్కోకుండా కాల్చిన బీడీ నుంచి లోపలికి పోతాయి. డ్రమ్ములో మందు కలపటానికి నీళ్ళు మోసే ఆడకూలీలకు, మందు కొట్టిన చేలో వెంటనే కలుపు తీసేవారికి కూడా ఈ ముప్పు ఉంది.

మందు కొట్టేవాడు కళ్ళు తిరిగి పడితే ఎండదెబ్బ అని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. తేడా గుర్తించండి. ముదిరిన ఎండదెబ్బలో ఒళ్ళు కాలిపోతుంది, నోరు ఎండిపోతుంది. ఈ విషంలో చెమట ధారలు కడుతుంది, నోట్లో నురగ, కళ్ళ వెంట నీళ్ళు, వాంతులు, విరేచనాలు వస్తాయి. కంటిపాప సూదిమొనంత చిన్నదైపోతుంది. కండలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో నీరూరి, ఒడ్డున ఉన్న మనిషి మునిగిపోతున్నట్లు ఊపిరాడక కొట్టుకుంటాడు.

దీనికి విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్త జాతి మొక్కల్లో పుట్టిన పదార్థమది. అలాగని ఉమ్మెత్త గింజలు నూరి పోయవద్దు, అది ఇంకొక విషం. అట్రోపిన్ చేసే పని ఒక్కటే. పోగుపడిన అసిటైల్‌కోలిన్ గుండెనూ ఊపిరితిత్తులనూ తాకకుండా తలుపు మూస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు ఆగుతుంది, నాడి పుంజుకుంటుంది. మోతాదు మించితే ఒళ్ళు కాలి, మనిషి కలవరిస్తాడు. అందుకే పక్కన కూర్చుని చూసే నర్సు కావాలి. కండల బలహీనతకు మాత్రం అట్రోపిన్ పనిచేయదు. ఛాతీ కండరాలు చచ్చుబడితే శ్వాసయంత్రమే దిక్కు. తేరుకున్నట్లు కనిపించిన మనిషికి కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఊపిరి ఆగే ప్రమాదముంది. కూలి పోతుందని మొదటి రోజే ఇంటికి తీసుకురావద్దు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మన దేశంలో అట్రోపిన్ ఎక్కువగా 0.6 మిల్లీగ్రాముల చిన్న సీసాల్లో వస్తుంది. తీవ్రమైన కేసులో వైద్యులు 3 సీసాలతో మొదలుపెడితే, ఊపిరితిత్తులు తేటపడేదాకా 5 నిమిషాలకొకసారి మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోతారు. మూడు, ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు. పావుగంటలో 45 సీసాలు! అలమరలో పది సీసాలున్న ఆసుపత్రి రిజిస్టరులో "మందు ఉన్నది" అని రాసుకోవచ్చు. పడిపోయిన కూలీకి మాత్రం అది లేనట్లే. ఇదేమీ ఖరీదైన విదేశీ మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ, మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉన్న చవక మందు. కొరత ఎక్కడైనా ఉంటే అది డబ్బు కొరత కాదు, కూలీ ప్రాణానికి కట్టిన విలువ కొరత.

చట్టం లేదా? ఉంది. 1968 పురుగుమందుల చట్టంలో 26వ సెక్షను ప్రకారం, ఈ విషప్రమాదాలన్నీ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు. 1971 నిబంధనలు తయారీదారులు, పంపిణీదారులు, వ్యాపారంగా పిచికారీ చేసేవారు విరుగుడు మందులు దగ్గర ఉంచుకోవాలనీ, పనివారికి రక్షణ దుస్తులు, శిక్షణ, వైద్య పరీక్ష ఏర్పాటు చేయాలనీ చెబుతున్నాయి. డబ్బాతో ఇచ్చే కాగితంలో విషలక్షణాలు, విరుగుడు ప్రాంతీయ భాషలో అచ్చువేయాలి. కాని రోజుకూలికి పంపు తగిలించుకునే మనిషి ఈ నిబంధనల్లో ఎక్కడున్నాడు? అతని యజమాని పిచికారీ కంపెనీ కాదు, మామూలు రైతు. చాలాచోట్ల ఆ రైతు కూడా కౌలుదారే, తనూ పంపు మోసేవాడే. కంపెనీ లాభం తీసుకుంటుంది, అంగడివాడు వడ్డీ తీసుకుంటాడు. విషం మాత్రం కూలీ, చిన్నరైతు పంచుకుంటారు.

"చేతి తొడుగులు, ముసుగు వేసుకోకపోవటం వాళ్ళ నిర్లక్ష్యమే" అనే పెద్దమనుషులున్నారు. భాద్రపదం ఉక్కలో, నిలువెత్తు పత్తిలో, రబ్బరు తొడుగులతో ఒక్క పూట పనిచేసి చూపించమనండి. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఇంతమందికి ఒకే ఏడాది నిర్లక్ష్యం పుట్టుకొచ్చిందా?

"ఈ మందులు ఆపితే వ్యవసాయం ఆగిపోతుంది" అనేది ఇంకో వాదన. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్‌ను నిషేధించింది. అక్కడ పంటలు ఆగిపోలేదు, ఆత్మహత్యలు తగ్గాయి. మన దేశంలో 2013లో బీహార్‌లోని ఒక బడిలో ఈ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అయినా 2018లో 18 మందులను నిషేధించిన ఉత్తర్వులో దీని పేరు లేదు. 2023లో గాని మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధించలేదు, అప్పుడు కూడా ఉన్న సరుకు అమ్ముకోవటానికి ఏడాది గడువిచ్చారు. సరుకుకు గడువు ఇవ్వటం తెలిసిన పాలకులకు, పిచికారీ కూలీకి ఆయుష్షు ఇవ్వటం తెలియలేదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్న సంగతి తెలుగువారు మరచిపోలేరు. చేతికందే విషం ఎంత తీవ్రమైనదైతే, బతికించే అవకాశం అంత తక్కువ.

ఎవరైనా పడిపోతే ముందు చేయవలసినవి: చేలో నుంచి బయటికి తీసుకురండి. తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడగండి. కడిగేవారు తమ చేతులకు తొడుగులో, ప్లాస్టిక్ సంచులో వేసుకోండి. ఉప్పునీళ్ళు, నూనె పోసి కక్కించవద్దు. ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మందు డబ్బాను వెంట తీసుకుపోండి. అన్ని విషాలకూ అట్రోపిన్ విరుగుడు కాదు. కలుపుమందు పారాక్వాట్‌కు అసలు విరుగుడే లేదు. డబ్బా చూస్తేనే వైద్యుడికి దారి తెలుస్తుంది.

ఇక సంఘాలు చేయవలసింది. ఖరీఫ్ పిచికారీలు మొదలుకాకముందే ప్రతి మండలంలో పదిమంది కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అట్రోపిన్ సీసాలు ఎన్ని ఉన్నాయో, గడువు ఎప్పటిదాకా ఉందో లెక్క అడిగి రాసుకోండి. పత్తి, మిరప పండే ప్రతి మండలంలో కనీసం ఇద్దరు రోగులకు సరిపడా నిల్వ, 108 వాహనంలో కూడా అట్రోపిన్, జిల్లా ఆసుపత్రిలో పనిచేసే శ్వాసయంత్రం ఉండాలని కోరండి. 26వ సెక్షను కింద ప్రతి కేసూ నమోదు చేయించండి. లెక్కలోకి రాని చావుకు పరిహారం రాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ మందులు కొట్టే కార్మికులకు 1974 నుంచి రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేసి, అది పడిపోతే పని మాన్పిస్తున్నారు. మన కూలీ రక్తం అంతకన్నా చవకా?

విషాన్ని ఊరూరా చేర్చిన వ్యవస్థకు విరుగుడును చేర్చటం చేతకాదంటే నమ్మవద్దు. అడగండి, లెక్క చూపించేదాకా అక్కడి నుంచి కదలవద్దు.