సెలక్షన్‌కు ఎత్తు ఒక్కటే చాలదు



పిల్లవాడు తోటివాళ్ల కంటే జానెడు పొడుగైతే చాలు, "బాస్కెట్‌బాల్‌కు పంపండి, సెలక్షన్ గ్యారంటీ" అంటారు చుట్టాలు. జగిత్యాల అయినా, కోరుట్ల, సిరిసిల్ల అయినా ఇదే మాట. దాన్ని నమ్మి పిల్లలను తొందరపెట్టకండని మనవి.

పంజాబ్ పల్లె నుంచి వచ్చిన సత్నామ్ సింగ్ ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. 14 ఏళ్లకే అమెరికా అకాడమీలో చేరాడు. 2015 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 52వ ఆటగాడిగా డాలస్ జట్టు ఎంచుకుంది. అలా ఎంపికైన తొలి భారతీయుడు ఆయనే. అయినా ఎన్‌బీఏ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేకపోయాడు.

మన హకీంపేట, కరీంనగర్ క్రీడా పాఠశాలల నాలుగో తరగతి ఎంపికల్లోనూ ఎత్తు, బరువుతో పాటు షటిల్ రన్, బ్రాడ్ జంప్, మెడిసిన్ బాల్ త్రో, 800 మీటర్ల పరుగు చూస్తారు. అవి ఆ రోజు సత్తాను చెబుతాయి. నొప్పి, నిద్ర, ఇష్టం మాత్రం ఇంట్లోవాళ్లకే తెలియాలి.

గబగబా ఎత్తు పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి చాలామందికి వస్తుంది. సెలక్షన్ పోతుందని పిల్లలు దాస్తారు. నొప్పి మాత్ర వేసి పంపే పెద్దలూ ఉన్నారు. దయచేసి అలా చేయకండి. పీఈటీ సార్‌కు చెప్పండి, ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఒక అవకాశం పోతే ఇంకొకటి వస్తుంది. పాడైన మోకాలు అంత తేలిగ్గా బాగుపడదు.

ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి: "ఎక్కడైనా నొప్పి ఉందా? ఆడాలని నీకుందా?" జవాబు ఏదైనా కోప్పడకుండా వినండి.