నలుగురూ కలిస్తే నాలుగు జాడీలు

ఆవకాయ రోజులొచ్చేశాయి కదండీ! ఎవరికి వారు పెట్టుకుంటే ఖర్చూ ఎక్కువే, చాకిరీ ఎక్కువే. ఈసారి ఇరుగుపొరుగు నలుగురూ కలిసి కాయలు, నూనె టోకున తెచ్చి పంచుకోండి. ఒకరు కాయ కొడితే, ఒకరు జీడి తీసి పొడిగుడ్డతో తుడవచ్చు.

4 గిన్నెల ముక్కలకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, గిన్నెకు కాస్త తక్కువగా ఉప్పు. ముక్కల్ని నువ్వులనూనెలో ముంచి, ఈ గుండలో దొర్లించి జాడీకెత్తండి. మూడోనాడు తిరగగలిపి, ముక్క మునిగేదాకా నూనె పోయండి. తడి గరిటె తగిలిందా, ఏడాది పచ్చడీ బూజే!

దంచలేని పెద్దావిడ ఉంటే ఉప్పు చూసే పని ఆవిడకివ్వండి. చేతిలో డబ్బాడని ఇల్లాలుంటే, ఆమె వాటాకి బదులు పని జమకట్టుకోండి. ఆ లెక్క మాత్రం నలుగురిలో ఎత్తకండి. ఆమె జాడీ కూడా మీ జాడీలంత నిండుగానే వెళ్ళాలి.