రఫ్తార్‌కీ ఓ అదబ్ ఉంది

నిరుడు షబ్-ఎ-బరాత్ తెల్లారి నేను రాసిన వార్తకు హెడ్డింగ్: ‘పాతబస్తీలో బైక్ రేసర్ల ఆగడాలు’. హెడ్డింగులు డెస్క్‌వాళ్లు పెడతారని తప్పించుకోవచ్చు గానీ అది బేయిమానీ. ఆ హెడ్డింగ్ నేనే పెట్టాను. సాయంత్రం మా భాంజా ఫోన్‌లో అది నా ముందు పెట్టి ఒక్కటే సవాల్ చేశాడు.

“మరి ఎక్కడ నడపాలె మామూ?”

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులోకొస్తే ఛాలెంజ్. వాడు అడిగింది రెండూ. నా దగ్గర జవాబు లేదు.

ఏటా ఆ రాత్రి శహర్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. మసీదుల్లో పెద్దలు మైకులో బతిమాలుతారు. అమ్మీలు తాళంచెవులు దాచేస్తారు. అయినా పిల్లలు బయటికొస్తారు. రాయదుర్గం వైపు ఐటీ రోడ్ల మీద వీకెండ్ రాత్రి అదే పని చేసేవాళ్లను మా పేపర్లు ‘యువకులు’ అంటాయి. మా గల్లీవాళ్లయితే ‘పాతబస్తీ’ అంటాయి. ఆ తేడా గురించి ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతూనే, నేనూ అదే హెడ్డింగ్ పెట్టాను. కానీ తేడా గురించి ఎంత మాట్లాడినా చచ్చేది మన పిల్లలే. మా వాడు రెండు నెలల ముందే ఒక దోస్తు జనాజాకు భుజం పట్టి వచ్చాడు. మట్టి ఇచ్చి వచ్చిన రాత్రే మళ్లీ బండి తీశాడు. “నా మాట వినేది పోయింది, నువ్వే సమ్‌జాయించు” అని ఆపా ఫోన్‌లో ఏడ్చింది.

నసీహత్ ఇచ్చే దమ్ము నాకు లేదు. అందుకే వాణ్ని వెంటబెట్టుకుని చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

చెన్నై నుంచి శ్రీపెరుంబుదూరు వైపు పోతే ఇరుంగాట్టుకోట్టై. అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల రేస్ ట్రాక్ ఉంది. 1990 నుంచీ నడుస్తోంది. 3.7 కిలోమీటర్ల రోడ్డు, 12 మలుపులు. కొత్తవాళ్లకు అక్కడ ఒకరోజు తాలీమ్ ఇస్తారంటే ఇద్దరి పేర్లూ రాయించాను. బండి, తోలు సూటు, బూట్లు కిరాయికి. నలభై నాలుగేళ్ల వయసులో ఆ సూటు జిప్ పైకి లాగడానికే ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. భాంజా నవ్వాడు. దోస్తు పోయాక వాడు నవ్వడం చూడటం నాకు అదే మొదలు.

స్పీడు నేర్పుతారనుకుని పోతే పొద్దున గంటసేపు జెండాలు నేర్పారు. పసుపు జెండా ఊపితే ముందు ఖత్రా ఉంది, ఎవరినీ దాటొద్దు. ఎర్రది కనపడితే స్పీడు తగ్గించి, చెయ్యెత్తి, మెల్లగా లోపలికి వచ్చెయ్. నీలం అంటే నీ వెనక నీకన్నా తేజ్‌గా వస్తున్నవాడున్నాడు, బెదరకుండా నీ లైన్‌లో నువ్వు పో. బళ్లకు అద్దాలు పీకేశారు, లైట్లకు టేపు అంటించారు. వెనక చూడకుండా ఎట్లా అన్నాను. “దాటేవాడిదే జిమ్మేదారీ. ముందున్నవాడు ముందుకే చూడాలి” అన్నాడు ఉస్తాద్. ముప్పై ఏళ్లుగా శహర్‌లో హారన్ల మధ్య బండి నడిపినవాడిని. ఇలాంటి కాయిదా ఒకటుంటుందని ఏనాడూ వినలేదు.

తర్వాత ముందు బ్రేకు పాఠం. మనకందరికీ చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావ్. మా అబ్బా నాకు చెప్పారు, నేను భాంజాకు చెప్పాను. అసలు సంగతి వేరు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది, ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రం తేలికైపోతుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే అది జారుతుంది, బండి ఆగాల్సిన చోట ఆగదు. పల్టీ కొట్టించేది ముందు బ్రేకు కాదు, దాన్ని ఝట్‌కాగా గుంజడం. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పిండాలి. ఆ ఒక్క పనే మాతో ఇరవై సార్లు చేయించారు.

ఆ తర్వాతే ట్రాక్ మీదికి వదిలారు. నేను ఎంత మెల్లగా పోయానంటే, నీలం జెండా నా కోసమే కుట్టించారనిపించింది. మలుపు రాగానే పక్కనున్న గడ్డి వైపు చూసేవాణ్ని, బండి గడ్డి వైపే పోయేది. కళ్లు ఎటు చూస్తే బండి అటు పోతుందట. మలుపు దాటాక పోవాల్సిన చోటును చూడమన్నారు. మూడో సెషన్‌కు గానీ నా మెడ ఆ మాట వినలేదు.

మా గల్లీ హీరో సంగతి చెప్పాలి. వాణ్ని మొదటి సెషన్‌లోనే ఒకమ్మాయి దాటేసింది, అదే మోడల్ బండి మీద. జిద్దుకొద్దీ వెంటపడి మలుపులో గడ్డిలోకి పోయి పడ్డాడు. నాకు గుండె ఆగినంత పనైంది. అక్కడ కరెంటు స్తంభం లేదు, డివైడర్ లేదు, ఎదురొచ్చే లారీ లేదు. గడ్డి దులుపుకుని లేచాడు. ఉస్తాద్ తిట్టలేదు, బండి లోపల పెట్టించి అరగంట కూర్చోబెట్టాడు. చాయ్ తాగుతూ భాంజా చాలాసేపు తన చేతివేళ్లనే చూసుకున్నాడు.

“మామూ, ఆ రాత్రి వాడు వెనక బ్రేకే తొక్కిండు. నేను వెనకే ఉన్నా. రోడ్డు మీద టైరు గీత చూసిన.”

జనాజా నాటి నుంచి వాడు ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది.

2022లో మన ముల్క్‌లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీదివాళ్లే. లైసెన్సు ఇచ్చిననాడు నాతో ఎనిమిది అంకె తిప్పించారు. స్పీడులో ఉన్న బండిని ఎలా ఆపుతావని ఎవరూ అడగలేదు. ఆపడం నేర్పని చోట ‘స్పీడు తగ్గించండి’ అని బోర్డు పెట్టి ఏం ఫాయిదా?

ట్రాక్‌కు పోయొస్తే ఘమండ్ పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. గేదె అడ్డమొచ్చే రోడ్డు మీద, రాంగ్ రూట్‌లో ఆటో వచ్చే రోడ్డు మీద జెండా ఊపేవాడు ఎవడూ ఉండడు. సాయంత్రం మమ్మల్ని పంపేటప్పుడు ఉస్తాద్ చెప్పిన ఆఖరి మాట కూడా అదే. ఇక రెండో మాట ఖర్చు. ఇద్దరికీ కలిపి నా సగం జీతం పోయింది. పంక్చర్ షాపులో పనిచేసే పిల్లాడికి ఇరుంగాట్టుకోట్టై చంద్రుడంత దూరం. అందుకే అందరూ ట్రాక్‌కు పొండని నేను చెప్పను.

నేనడిగేది చిన్నది. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్ల కోసం మన సర్కార్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి, కంచెలు కట్టి, రేసు జరిపించింది. దునియా నుంచి వచ్చిన రేసర్లకు జాగా దొరికిన శహర్‌లో, మన పిల్లలకు తారు వేసిన ఒక మైదానం దొరకదా? నాలుగు ప్లాస్టిక్ కోన్లు, ఒక ఉస్తాద్, ఒక అంబులెన్స్. వారానికి ఒక పూట. ఫ్లైఓవర్ మూయడానికి పెట్టే బందోబస్తులో పదో వంతు చాలు.

భాంజా బండి మానలేదు, ఆపాకు అబద్ధం చెప్పలేను. ఇప్పుడు జుమా రోజు అసర్ తర్వాత ఖాళీ మైదానంలో ముగ్గురు దోస్తులకు ముందు బ్రేకు నేర్పుతున్నాడు. నేను సున్నంతో గీత గీసి పక్కన నిలబడతాను. పోయిన జుమాకు ముగ్గురిలో ఇద్దరు గీత దాటకముందే ఆపారు. మూడోవాడు ఇంకా వెనక బ్రేకే తొక్కుతున్నాడు. ఈ జుమాకు మళ్లీ పోవాలి.