తెల్లజుట్టు అంటిస్తే తాతయిపోతాడా?

మన నాటకాల్లో, సినిమాల్లో, ఇప్పటి టీవీ సీరియళ్ళలో మనిషిని ముసలివాణ్ణి చెయ్యడమంత తేలిక పని మరొకటి లేదు. "ఇరవై ఏళ్ళ తరువాత" అని తెరమీద అక్షరాలు వేస్తారు. హీరోగారి చెంపల దగ్గర రెండు తెల్లచారలు, ముక్కుమీద కళ్ళజోడు, చేతిలో కర్ర. అంతే, తాతగారు తయారు! బుగ్గలు మాత్రం నిన్న పెళ్ళయినవాడివే.

ముసలితనమంటే జుట్టు రంగేనని నమ్మే మేకప్ మహాశయులు ఒక్కపూట రేణిగుంట జంక్షన్‌కి రావాలి. కొండమీద మొక్కు తీర్చుకుని తిరుగు రైలెక్కే జనంలో చాలామందివి గుండ్లే. తెల్లవెంట్రుకా లేదు, నల్లవెంట్రుకా లేదు. అన్నీ స్వామివారికి ఇచ్చేశారు. పైగా చందనం పూత. అయినా ఏది అవ్వ గుండో, ఏది కోడలి గుండో చెప్పడానికి ఎవరైనా తడుముకుంటారా? మెడకింద వదులైన చర్మం చెబుతుంది. ముంజేతిమీద తేలిన నరాలు చెబుతాయి. సంచీ ఎత్తేముందు ఒక్క క్షణం ఆగే నడుము చెబుతుంది. మరి మన తెరమీది తాతలకు మెడలూ చేతులూ ఉండవా?

"అంత మేకప్‌కి డబ్బెక్కడిదండీ?" అంటారు. 1984లో వచ్చిన 'అమేడియస్'లో డిక్ స్మిత్ తయారుచేసిన ముసలి శాలియరీని మనవాళ్ళనుంచి ఎవరూ అడగడం లేదు. కానీ ముడతలు తెప్పించే మూలపద్ధతి సాదాదే. చర్మాన్ని వేళ్ళతో సాగదీసి పట్టుకుని, మేకప్‌కి వాడే రబ్బరుపాలు స్పాంజితో పల్చగా అద్ది, ఆరాక పౌడరు చల్లి వదిలేస్తే ముడతలు వాటంతటవే పడతాయి. మనిషి నవ్వితే అవీ నవ్వుతాయి. పెన్సిలుతో గీసిన గీతలు నవ్వవు, ఏడవవు.

"హీరో అందం తగ్గితే జనం చూడరండీ" అన్నది రెండో సాకు. చూడకేం? 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లో గుమ్మడి, తనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన ఎన్టీఆర్‌చేత "అప్పాజీ" అనిపించుకున్నాడు. ఒక్కరైనా కాదన్నారా? 1996లో 'భారతీయుడు'లో కమల్‌హాసన్ ముఖాన్ని మైకేల్ వెస్ట్‌మోర్ ముడతలతో కప్పేస్తే జనం ఎగబడి చూశారు.

అడ్డం డబ్బూ కాదు, ప్రేక్షకుడూ కాదు. మనం ఇంట్లో పెద్దవాళ్ళ ముఖంలోకి చూడడం మానేశాం. చూడనిదాన్ని ఎలా దిద్దుతాం? అందుకే స్టేజిమీద ముసలివాడంటే దగ్గూ, వంగిన నడుమూ, జనానికి నవ్వూను. బడి వార్షికోత్సవంలో పదేళ్ళ పిల్లాడు కర్ర పట్టుకుని ఖళ్ళుఖళ్ళుమంటే చప్పట్లు కొడతాం. ముందు వరుసలో కూచున్న వాడి తాత మాత్రం నిజం దగ్గు వస్తే, నలుగురూ వింటారేమోనని తుండుగుడ్డ అడ్డం పెట్టుకుంటాడు.

మేకప్ పెట్టె తెరిచేముందు మీ అవ్వ చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడండి. ఏ నరం ఎటు పోతుందో, ఏ ముడత ఎక్కడ మొదలవుతుందో అంతా అక్కడే ఉంది. అంత తీరిక లేదంటారా? అయితే ఆ వేషాలు నిజం ముసలివాళ్ళకే ఇచ్చెయ్యండి. మేకప్ ఖర్చు కూడా మిగులుతుంది!