తాత పట్టా ఎవరి పేరు మీదుందో చూశారా?

దొరవారిసత్రం యానాది తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ!

స్థలం కొనేవాడికి అందరూ జాగ్రత్తలు చెప్తారు. ఈసీ తీయి, లింకు డాక్యుమెంట్లు చూడు, లాయరుకు చూపించు అంటారు. మన తాతకిచ్చిన భూమి కాగితం చూసుకోమని మనకు చెప్పినోడు ఎవడైనా ఉన్నాడా?

ఏజెన్సీలో 1/70 ఉంది. అక్కడ గిరిజనేతరుల పేరుకి భూమి మారదు. మన మండలం షెడ్యూల్డ్ ఏరియా కాదు, అందుకే ఎస్టీలమైనా ఆ రక్ష మనకు లేదు. మన డి-ఫారం పట్టాలకున్న కంచె 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, 9/77. దాని ప్రకారం అమ్మకమే కాదు, ప్రైవేటు వడ్డీ వ్యాపారికి తాకట్టూ చెల్లదు, రొయ్యల గుంటకు లీజూ చెల్లదు. కొన్నోడికి హక్కు రాదు. తహసీల్దారు ఆ కయ్యను వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో, వారసులకో ఇప్పించొచ్చు.

2023లో ఈ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటిన సాగు భూమిని అమ్ముకునే దారి తెరిచారు. హక్కొచ్చిందని సంబరపడేలోపే వేలిముద్ర కోసం గడపలోకి వస్తారు, జాగ్రత్త! ఆ సవరణ చెప్పింది పట్టాదారు గురించి, వారసుల గురించి. నోటరీ కాగితం పట్టుకున్నోడి గురించి కాదు.

'చదువులేనోళ్ళు, సంతకం పెట్టారు, తప్పు వాళ్ళదే గదా' అనేవాళ్ళకు ఒకటే జవాబు. చెల్లదని తెలిసీ రాయించుకున్నోడు చదువుకున్నోడే!

మీభూమిలో సర్వే నంబరు కొట్టి అడంగల్, 1-బి తీయండి. అందులో తాత పేరుందా, వేరే పేరుందా? తాత పోయుంటే వారసుల పేరుకి మార్పించండి. వేరే పేరుంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మీరే అంకణాల లెక్కన ప్లాటు కొంటుంటే, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ముందు చూడండి. ఈసీ ఒక్కటే నమ్మొద్దు, నోటరీ అమ్మకాలు అందులో కనపడవు. 'నోటరీ రాయిస్తాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం' అంటే లేచి వచ్చేయండి. రిజిస్టరైనా సరే, అమ్మినోడికి లేని హక్కు మనకు రాదు. పైగా ఆ అసైన్డ్ ప్లాటు ఇంకో యానాది తాతదే కావొచ్చు.

ఈ ఆదివారం ట్రంకుపెట్టె తెరవండి. పట్టా బయటికి తీసి ఫోటో కొట్టి దాచండి. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

జై ఆదివాసీ!