క్యాన్సరు చికిత్సలో వ్యాయామం

క్యాన్సరు చికిత్సలో వ్యాయామం అనగా, క్యాన్సరు రోగులకు మందులతో పాటు వారి శరీరస్థితికి తగిన వ్యాయామాన్ని కూడా నిపుణుల పర్యవేక్షణలో, చికిత్సలో భాగంగా అందించే విధానము. ఇందుకు తగిన ఆధారాలు సమకూరినా, ఆచరణ మాత్రం చాలాచోట్ల సలహా దగ్గరే ఆగిపోయినది.

నేపథ్యం

క్యాన్సరు రోగులకు విశ్రాంతి తీసుకోమని చెప్పడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. కీమోథెరపీ, రేడియేషన్ చికిత్సల వలన కలిగే నీరసం నిద్రపోయినా తీరదు. కదలిక తగ్గేకొద్దీ కండరాలు క్షీణిస్తాయి. కండరాలు క్షీణించేకొద్దీ చిన్న పనికే ఆయాసం వచ్చి, రోగి మరింతగా మంచానికి పరిమితమవుతాడు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సమావేశపరచిన నిపుణులు, రోగులు కదలకుండా ఉండరాదని 2010లో సూచించారు. 2019లో ప్రచురించిన సవరణ ప్రకారం వారానికి 3 సార్లు, కనీసం 30 నిమిషాల చొప్పున వేగంగా నడవడం వంటి వ్యాయామం, 2 సార్లు కండరాల బలం పెంచే వ్యాయామం మేలు చేస్తాయి. వీటి వలన నీరసం, ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయి. 2018లో ఆస్ట్రేలియాలోని క్యాన్సరు నిపుణుల సంఘం, వ్యాయామం ప్రామాణిక చికిత్సలో భాగం కావాలని, రోగులను వ్యాయామ నిపుణుల వద్దకు పంపాలని ప్రకటించినది.

ఛాలెంజ్ పరిశోధన

కెనడా పరిశోధకుల నాయకత్వంలో ఆరు దేశాలలో జరిగిన ఈ పరిశోధన ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడినవి. పెద్దపేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స, ఆపై కీమోథెరపీ పూర్తయిన 889 మందిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఆరోగ్య సూచనలు గల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. రెండవ వర్గానికి ఆ పుస్తకాలతో పాటు, 3 సంవత్సరాలు వెన్నంటి ఉండి వ్యాయామం చేయించే శిక్షకులను ఏర్పాటు చేశారు. 8 సంవత్సరాల తరువాత జీవించి ఉన్నవారు వ్యాయామ వర్గంలో 90.3 శాతం కాగా, రెండవ వైపు 83.2 శాతం.

పరిమితులు

ఈ ఫలితం చికిత్స ముగిసిన పెద్దపేగు క్యాన్సరు రోగులకు సంబంధించినది. ఇతర క్యాన్సర్లకు దీనిని యథాతథంగా అన్వయించరాదు. చికిత్స జరుగుతున్నప్పుడు వ్యాయామం వలన నీరసం తగ్గి శక్తి నిలుస్తుందనడానికి ఆధారాలు ఉన్నవి గాని, ఆయుర్దాయం పెరుగుతుందని ఈ పరిశోధన చెప్పదు. పైగా కండరాల, కీళ్ళ సమస్యలు వ్యాయామ వర్గంలో 18.5 శాతం మందికి, రెండవ వర్గంలో 11.5 శాతం మందికి వచ్చినవి. క్యాన్సరు ఎముకలకు పాకినవారికి ఎముక విరిగే ప్రమాదం ఉన్నందున నిపుణుల పరీక్ష అవసరం.

అమలులో చిక్కులు

మందు చీటీ వ్రాస్తే దుకాణంలో దొరుకుతుంది. వ్యాయామానికి శిక్షణ పొందిన మనిషి, స్థలం, వేతనం కావాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్, దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి డాక్టరు ప్రణాళిక ద్వారా సాధారణంగా ఏడాదికి 5 సందర్శనలకే సహాయం చేస్తుంది. ఆహార నిపుణులు, ఫిజియోథెరపిస్టులు, వ్యాయామ నిపుణులు అందరికీ కలిపి అవే 5. ఇది మూడేళ్ళ శిక్షణకు ఏమాత్రం చాలదు. శిక్షకుని ఖర్చు భరించగలవారికే ఈ చికిత్స పరిమితమయ్యే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

వ్యాయామం చేయమని చెప్పి పంపివేయడం చికిత్స కాజాలదు. ఛాలెంజ్ పరిశోధనలో ఆ మాట రెండు వర్గాలకూ చెప్పారు. తేడా తెచ్చినది వెన్నంటి ఉన్న శిక్షణయే.